క్రీము డబ్బల మందుకు మిణుగురు పరీక్ష

మా కట్టంగూర్ సెంటర్ల ఏ ఫ్యాన్సీ షాపుకు పోయినా క్రీముల మీద, షాంపూల మీద రెండు మాటలు కనవడ్తయి. ఒకటి ‘ప్యారాబెన్ ఫ్రీ’. రెండోది ‘జంతువుల మీద పరీక్ష చేయలేదు’ అని ఒక కుందేలు బొమ్మ. రెండూ మంచి మాటలే అనిపిస్తయి. కానీ జర సోచాయించి చూస్తే ఒక ప్రశ్న పుడ్తది. ఎలుక మీద చూడకుంటె, కుందేలు మీద చూడకుంటె, అండ్ల కలిపిన మందు మన ఒంట్లె హార్మోన్లను ఆగం చేస్తదో లేదో ఎట్ల తెలుస్తది? పైసలు పెట్టి కొంటున్న మనమే ఎలుకలమా?

ఈ అనుమానం చాలామంది తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఉంటది. అడగాల్సిన ప్రశ్ననే ఇది. దీనికి సైన్సుల గట్టి జవాబు ఉన్నది. ఆ జవాబుల కొన్ని సందులు కూడ ఉన్నయి. రెండూ తెలుసుకుంటేనే డబ్బ మీది మాటను ఎంతవరకు నమ్మాల్నో అర్థమైతది.

అసలు మందు ఎందుకు కలుపుతరు?

మామిడికాయ తొక్కుల ఉప్పు తక్కువైనా, నూనె తక్కువైనా నాలుగు రోజులల్ల బూజు పడ్తది. క్రీము కూడ అంతే. అండ్ల నీళ్లుంటయి, నూనె ఉంటది, మనం రోజూ వేలు పెట్టి తీస్తం. పాడుగాకుండ ఏదో ఒక మందు కలపకుంటె బ్యాక్టీరియా, బూజు పెరుగుతయి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పట్టిన కాటుక, క్రీము కంట్లె పడ్తె కన్నుకే మోసం. ఈ పాడుగాకుండ కాపాడే మందులనే ప్రిజర్వేటివ్‌లు అంటరు.

అండ్ల ప్యారాబెన్‌లు పాత కాపులు. 1920ల సంది వాడుకల ఉన్నయి. మిథైల్, ఇథైల్, ప్రొపైల్, బ్యూటైల్ అని అన్నదమ్ముల లెక్క నాలుగు రకాలు ఎక్కువ కనవడ్తయి. ధర తక్కువ, వాసన ఉండదు, నూటికి ఒక వంతు కన్నా తక్కువ కలిపినా పనిజేస్తయి. అందుకే కంపెనీలకు ఇష్టం.

హార్మోన్ ఆగం కావుడు అంటే ఏంది?

మన బాయికాడి మోటర్లకు సిమ్ కార్డు ఉన్న స్టార్టర్లు పెట్టుకుంటున్నం గదా. ఇంటికాడ కూసోని ఫోన్ కొడ్తె చేన్ల మోటర్ నడుస్తది. మన ఒంట్లె హార్మోన్ ఆ ఫోన్ కాల్ లాంటిది. ఒక గ్రంథి నుంచి రక్తంల బయల్దేరి, దూరంగ ఉన్న కణానికి చేరుతది. ఆ కణంల ఉండే స్టార్టర్ పేరు రిసెప్టర్. కాల్ అందంగనే కణం పని మొదలువెడ్తది. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యుడు, మొగపిల్లగానికి గొంతు మారుడు, నెలసరి, వీర్యం, కడుపుల బిడ్డ పెరుగుడు, అన్నీ ఈ కాల్స్ మీదనే నడుస్తయి.

ఇప్పుడు దీన్ల మూడు రకాల గడబిడ జరగొచ్చు. ఒకటి, ఎవరిదో రాంగ్ నంబర్ నుంచి కాల్ వచ్చినా స్టార్టర్ ఒప్పుకొని మోటర్ నడిపిస్తది. రెండోది, ఎవడో లైన్ పట్టుకొని కూసుంటె అసలు ఓనర్ కాల్ కలవది. మూడోది, స్టార్టర్ మంచిగనే ఉంటది గానీ ఓనర్ చెయ్యాల్సిన కాల్స్ లెక్కనే తప్పుతది, అంటే ఒంట్లె హార్మోన్ తయారీ ఎక్కువనో తక్కువనో అయితది. బయటి రసాయనం వచ్చి ఇండ్ల ఏ ఒక్కటి చేసి ఒంటికి కీడు తెచ్చినా, దాన్ని హార్మోన్లను చెడగొట్టే రసాయనం అంటరు.

ప్యారాబెన్ మీద అనుమానం ఎట్ల వచ్చింది?

1998ల బ్రిటన్ బ్రూనెల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేసిన్రు. కల్లును పులియబెట్టే ఈస్ట్ తెలుసు గదా, ఆ ఈస్ట్ కణాలల్ల మనిషి ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను పెట్టి, దాని మీద ప్యారాబెన్‌లు వేసి చూసిన్రు. ఈస్ట్రోజెన్ అంటే ఆడ హార్మోన్. ప్యారాబెన్‌లు కూడ ఆ స్టార్టర్‌ను నొక్కుతున్నట్టు తేలింది. అండ్ల అన్నిటికన్న గట్టిగ నొక్కింది బ్యూటైల్ ప్యారాబెన్. అయితే గట్టిగ అంటే ఎంత? అసలు హార్మోన్ ఎస్ట్రాడయాల్ బలం కన్న సుమారు 10,000 రెట్లు తక్కువ.

2004ల బ్రిటన్‌లనే రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 20 రొమ్ము క్యాన్సర్ గడ్డల తునకలను చూసి, ప్యారాబెన్‌లు దొరికినయని రాసిన్రు. ప్యారాబెన్ వల్లనే క్యాన్సర్ వచ్చిందని ఆ పరిశోధన రుజువు చేయలేదు. ఒంట్లకు చేరి అక్కడ ఉన్నదని మాత్రమే చూపెట్టింది. కానీ ఆ వార్త దునియా అంత పాకి, డబ్బల మీద ‘ప్యారాబెన్ ఫ్రీ’ అనే ముద్ర పడుడుకు దారి తీసింది.

ఒక సంగతి గమనించుర్రి. మొదటి గంట కొట్టింది ఎలుక కాదు, ఈస్ట్.

ఎలుకలతోని ఎట్ల చూసేటోళ్లు?

ఈస్ట్రోజెన్ గుణం చూసే పాత పద్ధతికి యుటెరోట్రోఫిక్ పరీక్ష అని పేరు. ఇంకా ఈడుకు రాని ఆడ ఎలుక పిల్లలకు, లేకుంటె అండాశయాలు తీసేసిన ఎలుకలకు, కనీసం మూడు రోజులు వరుసగ ఆ రసాయనం ఎక్కిస్తరు. తర్వాత చంపి, గర్భసంచిని తీసి తూకం వేస్తరు. బరువు పెరిగితే ఈస్ట్రోజెన్ గుణం ఉన్నట్టు. మొగ హార్మోన్ కోసం హెర్ష్‌బర్గర్ అని ఇంకో పరీక్ష. వృషణాలు తీసేసిన మొగ ఎలుకలకు 10 రోజులు మందు ఇచ్చి, చంపి, లోపలి గ్రంథులను తూకం వేస్తరు.

ఇది చూడ బుద్ధిగాని పని అనుడు ఒక మాట. దాని కన్న పెద్ద మాట ఇంకోటున్నది. గర్భసంచి బరువు పెరిగిందంటే ఎందుకు పెరిగిందో, మనిషి కణం కూడ గట్లనే చేస్తదో చెయ్యదో ఆ తూకం చెప్పది. ఒక్కొక్క రసాయనానికి పదుల ఎలుకలు కావాలె, వారాలు పడ్తది. మార్కెట్ల ఉన్న వేల రసాయనాలను గిట్ల చూసుకుంట పోతే మన జీవితాలు అయిపోతయి.

చట్టం ఏమన్నది?

సౌందర్య సాధనాల పరీక్షకు జంతువులను వాడొద్దని 2014 మే నెలల మన దేశం రూల్ తెచ్చింది. అదే ఏడాది నవంబర్ సంది, జంతువుల మీద పరీక్షించిన సరుకును బయటి దేశాల నుంచి తెచ్చుడు కూడ బంద్ అయింది. యూరోప్‌ల 2013 మార్చి 11 సంది పూర్తి నిషేధం అమలైతున్నది. 2020ల మన దేశంల కొత్త కాస్మెటిక్స్ రూల్స్ వచ్చినా ఈ నిషేధం అట్లనే ఉన్నది.

కాబట్టి ఇక్కడ తయారైన డబ్బ మీద కుందేలు బొమ్మ చూసి కంపెనీ దయగుణానికి మురిసిపోయే పని లేదు. అది చట్టం చెప్పిన పని. ఇంకో మాట, కుందేలు బొమ్మ ‘జంతువును బాధ పెట్టలేదు’ అంటది, ‘నీకు ఏం కాదు’ అని అనది. ఈ రెండిటికి తేడా ఉన్నది.

మిణుగురు ఎట్ల జవాబు చెప్తది?

వానకాలం రాత్రి చెట్ల మీద మెరిసే మిణుగురు పురుగులను చూసినోళ్లమే మనమంత. ఆ వెలుతురు లూసిఫరేజ్ అనే ఎంజైమ్ వల్ల వస్తది. శాస్త్రవేత్తలు ఆ ఎంజైమ్ తయారు చేసే మిణుగురు జన్యువును తీసి మనిషి కణాలల్ల పెట్టిన్రు. ఎట్ల పెట్టిన్రంటే, కణంల ఈస్ట్రోజెన్ స్టార్టర్ ఆన్ అయితేనే ఆ జన్యువు పనిజేస్తది. చిన్న చిన్న గుంతలున్న ప్లాస్టిక్ ప్లేటుల కణాలు పోసి, మీద ప్యారాబెన్ రకరకాల మోతాదులల్ల వేసి, ఒక రోజు ఉంచుతరు. తర్వాత మిషన్ల పెట్టి ఎంత వెలుతురు వచ్చిందో కొలుస్తరు. పక్క గుంతలల్ల అసలు హార్మోన్ ఎస్ట్రాడయాల్ పోసి ఉంటది. దాని వెలుతురుల ఇది ఎన్నో వంతు, ఎంత మోతాదుకు అంత వచ్చింది అని లెక్క కడ్తరు. వెలుగు వచ్చిందంటే రాంగ్ నంబర్ కాల్ కలిసినట్టు.

ఈ పరీక్షకు ఓఈసీడీ అనే దేశాల కూటమి 455 నంబర్ ఇచ్చి, 2009ల అంతర్జాతీయ పద్ధతి లెక్క ఒప్పుకున్నది. మొగ హార్మోన్ స్టార్టర్‌కు నంబర్ 458. హార్మోన్ తయారీల తేడా వస్తున్నదా అని చూసేది నంబర్ 456. అండ్ల మూత్రపిండం మీద ఉండే అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చిన మనిషి కణాలు, టెస్టోస్టిరాన్, ఎస్ట్రాడయాల్ ఎంత తయారు చేస్తున్నయో కొలుస్తరు. నేను పైన చెప్పిన మూడు గడబిడలకు మూడు రకాల పరీక్షలు ఉన్నయన్నట్టు. మన దేశం ఓఈసీడీల సభ్యురాలు కాదు గానీ, 2011 సంది మన దగ్గర గుర్తింపు ఉన్న ల్యాబులల్ల ఈ పద్ధతుల ప్రకారం చేసిన పరీక్షల ఫలితాలు ఆ దేశాలల్ల కూడ చెల్లుతయి.

455 పరీక్షల వాడే ఒక రకం కణాల పేరు హీలా. ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నది. హెన్రియెట్టా లాక్స్, అమెరికా నల్లజాతి స్త్రీ, చిన్ననాటి సంది పొగాకు చేన్ల పనిజేసినామె. 1951ల క్యాన్సర్‌తోని బాల్టిమోర్ల జాన్స్ హాప్కిన్స్ దవాఖానకు పోతె, ఆమెను అడగకుండనే గడ్డ నుంచి కణాలు తీసిన్రు. అదే ఏడాది 31 ఏండ్ల వయసుల ఆమె చనిపోయింది. కణాలు మాత్రం ఇయ్యాల్టికి ల్యాబులల్ల పెరుగుతనే ఉన్నయి. ఎలుకను చంపకుండ పరీక్ష చేస్తున్నమని చెప్పుకునేటప్పుడు, అడగకుండ తీసుకున్న ఆ పేదింటామె కణాల సంగతి కూడ యాదికుండాలె.

ప్లేటుల జవాబు చాలదు

ఇగ సందుల ముచ్చటకు వస్త. ప్లేటుల కణానికి కాలేయం లేదు, తోలు లేదు, రక్తం లేదు. ప్యారాబెన్‌ను ఒంటికి రాసుకుంటె తోలుల, కాలేయంల ఉండే ఎంజైమ్‌లు దాన్ని చాలా వరకు విరగ్గొట్టి, బలం లేని వేరే పదార్థం చేస్తయి. ప్లేటుల ఈ విరుగుడు అంతగ జరగది. అంటే ప్లేటుల ప్రమాదంగ కనవడ్డది ఒంట్లె కాకపోవచ్చు. ఉల్టా కూడ జరగొచ్చు. కొన్ని రసాయనాలు కాలేయం దాటినంక ఎక్కువ కీడు చేస్తయి.

ఆపరేషన్లల్ల తీసేసిన మనిషి తోలు ముక్కను గాజు పాత్రల బిగించి, మీద క్రీము రాసి, కిందికి ఎంత దిగిందో కొలిచే పరీక్ష అందుకే ఉన్నది. యూరోప్ నిపుణుల కమిటీ బ్యూటైల్ ప్యారాబెన్‌కు లెక్క కట్టినప్పుడు, రాసిన 100 వంతులల్ల విరగకుండ లోపలికి పోయేది 3.7 వంతులని తీసుకున్నది. తర్వాత మనిషి రోజుకు ఎన్ని క్రీములు ఎంతెంత రాసుకుంటడు, రక్తంల ఎంత చేరుతది అని కంప్యూటర్ లెక్కలు కడ్తరు. చివరికి వచ్చిన అంకెను, కీడు మొదలయ్యే మోతాదుతోని పోల్చి, కనీసం 100 రెట్ల దూరం ఉన్నదా అని చూస్తరు.

నల్లగొండోళ్లకు ఈ మోతాదు ముచ్చట ఎవరూ చెప్పే పని లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లా మనది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని హద్దు ఉన్నది. అండ్లకన్న తక్కువుంటె పండ్లకు మంచిదే, హద్దు మీరిన నీళ్లు ఏండ్లకేండ్లు తాగితె బొక్కలు వంగుతయి. విషం అనేది పేరుల ఉండది, ఎంత, ఎన్నేండ్లు, ఏ వయసుల అనే దాన్ల ఉంటది. ఫ్లోరైడ్ నీళ్లు తాగంగనే ఎవ్వలూ పడిపోలేదు, అందుకే గుర్తుపట్టుడు అంత కష్టమైంది. హార్మోన్ల కీడు కూడ అట్లాంటిదే. అందుకే చంటిపిల్లలు, గర్భిణులు, ఈడుకొచ్చే పిల్లల విషయంల ఎక్కువ జాగ్రత్త పడ్తరు.

ఇంకా మూడు సంగతులు దాపరికం లేకుండ చెప్పాలె. ఒకటి, ప్లేటుల కణాలకు దాణా లెక్క పోసే సీరమ్ ఎక్కువగ పుట్టని దూడ నెత్తురు నుంచి వస్తది. అండ్ల ఉన్న హార్మోన్లు పరీక్షను చెడగొట్టకుండ బొగ్గు పొడితోని తీసేసి మరీ వాడ్తరు. 458 పరీక్షల కూడ ఒక రకానికి, ఎప్పుడో హామ్‌స్టర్ నుంచి తీసి పెంచుకుంట వస్తున్న కణాలు వాడ్తరు. జంతువు అసలే లేదు అనుడు ఇంకా పూర్తి నిజం కాలేదు. రెండు, పైన చెప్పిన బ్యూటైల్ ప్యారాబెన్ లెక్కల కీడు లేని మోతాదు అంకె, పాత రోజులల్ల ఎలుకల మీద చేసిన పరీక్ష నుంచే తీసుకున్నరు. మూడు, థైరాయిడ్ లాంటి హార్మోన్లకు ఈస్ట్రోజెన్ అంత గట్టిగ ఒప్పుకున్న ప్లేటు పరీక్షలు ఇంకా రాలేదు.

అయినా బండి ముంగటికే పోతున్నది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2015ల ఒక మాట చెప్పింది. ఈస్ట్రోజెన్ విషయంల 18 రకాల ప్లేటు పరీక్షల ఫలితాలను కలిపి చూసే కంప్యూటర్ పద్ధతిని, ఎలుక గర్భసంచి తూకానికి బదులు ఒప్పుకుంటమని. ఒక పరీక్షల ఉన్న లోపాన్ని ఇంకో పరీక్ష పట్టిస్తది, పది మంది సాక్షులను అడిగినట్టు.

మన దగ్గర కూడ ఈ పని నడుస్తున్నది. కట్టంగూర్ల 65వ నంబర్ హైవే మీద బస్సెక్కి హైదరాబాద్ పోతె, ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉన్నది. అండ్ల అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ల, జంతువులకు బదులు మనిషి కణాలతోని చేసే పద్ధతులను ముంగటికి తెచ్చేటందుకు ప్రిడిక్టివ్ హ్యూమన్ మోడల్ సిస్టమ్స్ పేరు మీద ఒక కేంద్రం పెట్టిన్రు. బీఎస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జువాలజీ చదివి ‘దీంతోని ఏమైతది’ అని పరేషాన్ అయ్యే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ దారి కూడ ఉన్నదని యాది పెట్టుకోవాలె. కణాలు పెంచుడు నేర్చుకున్నోళ్లకు మందుల కంపెనీలల్ల కూడ పని ఉంటది. 2023ల మన దేశం కొత్త మందుల రూల్స్ మార్చి, జంతువులు లేని పరీక్షలకు అక్కడ కూడ తలుపు తెరిచింది.

తీర్పు ఏం వచ్చింది?

యూరోప్ 2014ల ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్, ఫినైల్, బెంజైల్, పెంటైల్ అనే ఐదు ప్యారాబెన్‌లను నిషేధించింది. వీటి మీద చాలినంత సమాచారం కంపెనీలు ఇయ్యలేదు. ప్రొపైల్, బ్యూటైల్ మోతాదు తగ్గించి 0.14 శాతం హద్దు పెట్టింది. మూడేండ్ల లోపు పిల్లలకు డైపర్ కట్టే తావుల రాసి వదిలేసే క్రీములల్ల ఈ రెండు వద్దన్నది. మిథైల్, ఇథైల్‌ను మాత్రం 0.4 శాతం దాక వాడుకోనిచ్చింది. అంటే ‘ప్యారాబెన్’ అనే ఇంటి పేరు చూసి అందరినీ ఒక్క గాట కట్టలేదు.

భయపడి మందు మార్చిన కంపెనీలల్ల చాలామంది మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే వేరే ప్రిజర్వేటివ్ పట్టుకున్నరు. దాంతోని తోలు మీద దద్దుర్లు, దురద ఎంత పెరిగినయంటే, 2013ల అమెరికా చర్మ అలర్జీ వైద్యుల సంఘం దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగ ప్రకటించింది. 2019ల అదే సంఘం ప్యారాబెన్‌లకు ‘అలర్జీ చెయ్యనిది’ అని పేరు పెట్టింది. ‘ఫ్రీ’ అని రాసిన తావుల ‘మరి దాని బదులు ఏం కలిపిన్రు’ అని అడుగుడు అందుకే అవసరం.

ఇగ అసలు నొప్పి ఎక్కడ ఉన్నదంటే

ఇన్ని పరీక్షలు, ఇన్ని హద్దులు అన్నీ చివరికి డబ్బ వెనుక చిన్న అక్షరాల జాబితాలకే వచ్చి చేరుతయి. ఒక శాతం కన్న ఎక్కువ ఉన్నవి ముందు, తక్కువ ఉన్నవి తర్వాత రాయాలని రూల్. కాబట్టి ప్రిజర్వేటివ్ పేరు జాబితా తోకకు ఉంటది. అక్కడ వెతకాలె.

కానీ 60 మిల్లీలీటర్లు, 30 గ్రాముల కన్న చిన్న ప్యాకుల మీద ఆ జాబితా వేయకున్నా చట్టం ఊకుంటది. జర సోచాయించుర్రి, చిన్న ప్యాకులు ఎవరు కొంటరు? పట్నంల పెద్ద మాల్‌ల పెద్ద సీసా కొనేటామెకు అండ్ల ఏమున్నదో చదువుకునే హక్కు ఉన్నది. మా ఊర్ల కిరాణంల రెండు రూపాయల షాంపూ పొట్లం, చిన్న క్రీము ట్యూబు కొనే పిల్లకు ఆ హక్కు లేదు. పొట్లం చిన్నదే గావొచ్చు, తావు లేకపోవచ్చు. ఒక క్యూఆర్ కోడ్‌కు తావు చాలదా? ఫోన్ అందరి చేతుల ఉన్నది. ఈ మినహాయింపు తీసేయాలని అడగాల్సింది మనమే.

ఇంకో పక్క, ప్యారాబెన్ పేరు చెప్తె భయపడేటోళ్లే తెల్లగయ్యేటందుకు మెడికల్ షాపుల బీటామెథసోన్, క్లోబెటసోల్ ఉన్న ట్యూబులు కొని నెలల తరబడి మొఖానికి రాస్తున్నరు. అవి స్టెరాయిడ్‌లు, అంటే కార్టిసోల్ హార్మోన్‌కు నకలు. రాంగ్ నంబర్ కూడ కాదు, అవి నేరుగ ఓనర్ నంబర్ నుంచే కొట్టే కాల్స్. తోలు పల్చగయితది, మొటిమలు లేస్తయి, ఆపితే మొఖం ఎర్రగ మండుతది. 2018ల ఇసొంటి 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండ అమ్మొద్దని షెడ్యూల్ హెచ్‌ల పెట్టిన్రు. పేరు ఊరు లేని తెల్లదనం క్రీములల్ల పాదరసం భయం కూడ ఉన్నది. రూల్ ప్రకారం మామూలు క్రీముల పాదరసం కలపొద్దు, తెలియకుండ చేరినా పది లక్షల వంతులల్ల ఒక వంతు దాటొద్దు.

అందుకని నేను చెప్పేది ఇంతే. ఎలుక లేకుండ పరీక్ష చేసుడు మనల్ని ఎలుకలను చేసుడు కాదు. ఈస్ట్రోజెన్ లాంటి వాటి విషయంల అది ఎలుక తూకం కన్న సూటిగ, మనిషి కణాన్నే అడుగుతది. దానికి ఇంకా అందని తావులు ఉన్నయి, అవి నిండాలంటే పైసలు కావాలె, చదువుకున్న పిల్లలు కావాలె. తేలిన నిజం మాత్రం పెద్ద సీసా మీదనే కాదు, రెండు రూపాయల పొట్లం మీద కూడ రాసి ఉండాలె.